రెండు గీతల కేసు: మల్కన్‌గిరిలో తగ్గుతున్న మలేరియాను అంచనా వేయబోయి

2020 జనవరి చివరి వారం. జిల్లా సమీక్ష మర్నాడనగా సాయంత్రం పెద్దసారు పిలిచి ఒక్క మాట అడిగారు. ఒడియాలో అడిగినదాన్ని మన భాషలోకి తెస్తే ఇంతే: "ఈ ఊపులోనే తగ్గుతూ పోతే మలేరియా ఏ ఏడుకి సున్నా అవుతుంది? గీత గీసి పట్రా." ఇరవై నిమిషాల్లో గీసిచ్చాను. మర్నాడు అది తెర మీద పడగానే గదిలో చప్పట్లు మోగాయి. పెరిగే వ్యాధిని అంచనా వేయడం కష్టం గానీ, తగ్గేదానికేముంది, పైనుంచి కిందికి గీయడమే కదా అని అప్పట్లో నాక్కూడా ఉండేది.

నాది పర్లాకిమిడి. గణాంకశాస్త్రం చదివి, దోమల జబ్బుల విభాగంలో కాంట్రాక్టు మీద డేటా పని చేస్తున్నాను. మల్కన్‌గిరి జిల్లాలో దక్షిణం కొస నా వాటా. మోటు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. ఈ ఒడ్డు ఒడిశా, ఎదురొడ్డున ఛత్తీస్‌గఢ్ కోంటా, ఇంకాస్త కిందికి దిగితే ఆంధ్రాలోని చింతూరు వైపు. ఆఫీసులో ఒడియా నడుస్తుంది. సంతలో మాత్రం తెలుగు, కోయ, దేశియా, బెంగాలీ అన్నీ ఒకే బేరంలో వినిపిస్తాయి. బెంగాలీ ఎక్కడిదంటే, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ శరణార్థులకు ఇక్కడ ఊళ్లు కట్టించారు. ఇప్పటికీ జనం సరిహద్దులు దాటి వస్తూ పోతూ ఉంటారు. ఆ వలసలు మలేరియా లెక్కలోకి ఎలా దూరతాయో తర్వాత చెప్తాను.

మా బ్లాకు అంకెలు బయటపెట్టే అధికారం నాకు లేదు. అందుకని రాష్ట్రం అంకెలతోనే అదే లెక్క మళ్లీ చేసి చూపిస్తాను. ఆకారం ఒకటే. కింద నా గీత, నా స్లైడు అన్నప్పుడల్లా మా అంకెల బదులు ఇవే అనుకోండి.

మొదటి గీత

2016లో ఒడిశాలో నమోదైన మలేరియా కేసులు సుమారు 4 లక్షల 45 వేలు. దేశం మొత్తంలో ఆ ఏడు నమోదైనవాటిలో నూటికి నలభై దాకా ఈ ఒక్క రాష్ట్రానివే. 2017లో 3 లక్షల 48 వేలు. 2018లో 66 వేలు. 2019లో 39,500 పైచిలుకు.

ఇలాంటి అంకెలు ఎవరి చేతికిచ్చినా ముందు లాగ్ (లాగరిథమ్) తీస్తారు, అంటే ఎంత తగ్గిందని కాకుండా ఎన్ని రెట్లు తగ్గిందని కొలుస్తారు. అంటువ్యాధి గుణకారంలో నడుస్తుంది కాబట్టి. ఒక రోగి నుంచి సగటున ఒకరి కన్నా తక్కువమందికి సోకితే తరం తరానికీ అదే నిష్పత్తిలో కేసులు కరిగిపోతాయి. వంద, అరవై, ముప్పై ఆరు, ఇరవై రెండు, ఇలా. లాగ్ కాగితం మీద అది తిన్నటి గీత. నాలుగేళ్ల నాలుగు చుక్కల మీదుగా గీత వేస్తే నిష్పత్తి 0.41 వచ్చింది. అంటే ఏటేటా ముందేడు కేసుల్లో నూటికి 41 మిగులుతాయి. దాని ప్రకారం 2020లో 15 వేలు, 2021లో 6,300, 2022లో 2,600, 2023లో వెయ్యికి కాస్త పైన, 2024లో 430.

జరిగింది వేరు. 2020లో 41,700. 2021లో 25,500. 2022లో 23,800. అక్కడి నుంచి తిరగబడి 2023లో 42 వేలకు చేరి, 2024లో 68 వేలు దాటాయి. నా గీత చెప్పినదానికి నూటయాభై రెట్లకు పైన.

ఆ రోజు తెర మీద నేను చూపనిది ఒకటుంది. అంచనా అంటే అంకె ఒక్కటే సరిపోదు, అటూ ఇటూ హద్దులు ఉండాలి. నాలుగు చుక్కల్లో గీత ఎత్తుకొకటి, వాలుకొకటి పోతే, గీత ఎంత తప్పగలదో తేల్చడానికి మిగిలేది రెండు చుక్కలపాటి సమాచారమే. ఆ లెక్కన 2020 అంకెకు నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో హద్దులు వేస్తే కింద 900, పైన 2 లక్షల 57 వేలు. ముందురోజు రాత్రి అది చూసి నాకే నవ్వొచ్చింది. తొమ్మిది వందలో రెండున్నర లక్షలో తెలియదని చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలా అంటారని భయపడి, స్లైడులోంచి హద్దులు తీసేసి మధ్య గీత ఒక్కటే ఉంచాను. ఆ స్లైడు మొత్తంలో నిజం చెప్పింది నేను తీసేసిన ఆ ముక్కే. 2020లో వచ్చిన 41,700 ఆ హద్దుల మధ్యనే ఉంది మరి.

తర్వాతెప్పుడో కుతూహలం కొద్దీ ఇంకో పోటీ పెట్టి చూశాను. ఒకవైపు నా గీత. రెండోవైపు ఏ లెక్కా రానివాడు చెప్పే అంచనా: "వచ్చే ఏడు కూడా ఈ ఏడులాగే ఉంటుంది." 2020కి వాడు చెప్పేది 39,500, వచ్చింది 41,700. 2022కి 25,500 అంటాడు, వచ్చింది 23,800. 2021లో, 2023లో, 2024లో వాడూ తప్పాడు. కానీ ఏ ఒక్క ఏడూ నా అంత దూరం పోలేదు. అప్పటి నుంచి ఏ మోడల్ నా టేబుల్ మీదికొచ్చినా ముందు ఆ లెక్క రానివాడితో కుస్తీ పట్టిస్తున్నాను. గెలిస్తేనే మాట్లాడుకుంటాం.

మెట్టు, వాలు

తప్పు ఎక్కడుంది? నాలుగు చుక్కలను ఇంకోసారి చూడండి. 2016 నుంచి 2017కి నిష్పత్తి 0.78. ఆ తర్వాతి ఏడు 0.19. మళ్లీ 0.60. వీటి మీదుగా తిన్నటి గీత వేయడమంటే మేడ మెట్లు దిగేవాణ్ణి చూసి వాడు జారుడుబల్ల మీద ఉన్నాడనడమే. ఒకే ఒక్క పెద్ద అడుగు నా వాలునంతా నిర్ణయించేసింది.

ఆ అడుగు ఎలా పడిందో ఇక్కడందరికీ తెలుసు. 2017లో రాష్ట్రమంతటా మందు పూసిన దోమతెరలు కోటీ పది లక్షల దాకా పంచారు. అదే ఏడు దుర్గమ ప్రాంతాల కోసం 'దమన్' అనే కార్యక్రమం మొదలైంది. దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ అన్న ఒడియా పేరుకు అది పొట్టిరూపు. జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ రక్తపరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకు అక్కడికక్కడే మందులు మింగించే క్యాంపులు. వానలకు ముందోసారి, వానలయ్యాక ఇంకోసారి.

దీనివల్ల ఒక్క ఏడాదిలో అంత పతనం ఎలా వస్తుందో అర్థం కావాలంటే రోనాల్డ్ రాస్ దగ్గరికి వెళ్లాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసినాయన. అది అందరికీ తెలిసిన కథే. తర్వాత ఆయన లెక్కలతో కూర్చుని మలేరియాకు మొదటి గణిత నమూనా రాశాడన్నది తక్కువమందికి తెలుసు. అందులో అసలు కీలకం చిన్నదే. దోమ మనిషిని రెండుసార్లు కుట్టాలి. మొదటిసారి తనకు ఎక్కించుకోవడానికి, రెండోసారి ఇంకొకరికి ఎక్కించడానికి. అందుకని కాట్లు సగమైతే వ్యాప్తి పావు అవుతుంది. 1950ల్లో జార్జ్ మక్డొనాల్డ్ దీనికి దోమ ఆయుష్షును కలిపాడు. పరాన్నజీవి దోమలో పండడానికి సుమారు పది రోజులు పడుతుంది. అన్ని రోజులు బతికిన దోమే ప్రమాదం. రోజుకు నూటికి 90 దోమలు మర్నాడు చూస్తాయనుకుంటే పదోరోజు దాకా మిగిలేవి 35. అదే 80 అయితే 11. 70 అయితే మూడు కూడా ఉండవు. తెర మీది మందు చేసేది ఇదే. దోమ రోజువారీ బతుకులో కాస్త కోత పెడితే చాలు, పదోరోజుకు సేన అంతా రాలిపోతుంది.

ఈ కోత ఒకేసారి పడుతుంది. మర్నాడు ఇంకో కోత దానంతటదే పడదు. తెర పాతబడుతుంది, చిరుగుతుంది, మందు తగ్గుతుంది. మామూలుగా మూడేళ్లు దాని ఆయుష్షు. మా వైపు మూడో ఏటికి తెర చేపలు పట్టడానికో, వడ్ల మీద కోళ్లు పడకుండా కప్పడానికో పోతుంది. తిట్టి లాభం లేదు, కొత్తది రాకపోతే పాతదాన్ని ఇంకేం చేస్తారు? తెర చిరిగే కొద్దీ మర్నాడు చూసే దోమలు నూటికి 70 నుంచి 80కి, 80 నుంచి 90కి పాకుతాయి. మూడు నుంచి పదకొండుకి, అక్కడి నుంచి ముప్పై అయిదుకి ఎక్కేది అంతే వేగంగా. ఒక రోగి నుంచి సోకే సంఖ్య ఒకటి దాటిన రోజు నుంచి గీత పైకి తిరుగుతుంది. ఆ రోజు ఎవరికీ కనబడదు, కేసులు తక్కువ కాబట్టి.

ఇంకో చిన్న గుంట కూడా ఉంది. ఒడిశాలో ఎక్కువ కేసులు ఫాల్సిపారమ్ అనే రకం పరాన్నజీవివి. వైవాక్స్ అనే ఇంకో రకం తక్కువే గానీ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్లీ తలెత్తుతుంది, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు మింగితే గానీ వదలదు. రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గవు. మాటవరసకు వంద కేసుల్లో 90 ఏటా 0.4 రెట్లుగా, 10 ఏటా 0.8 రెట్లుగా తగ్గుతున్నాయనుకోండి. మొత్తం 100, 44, 21, 11, 6 అవుతుంది. మొదటి ఏడు నిష్పత్తి 0.44, నాలుగో ఏడు 0.59. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే తగ్గుదల మందగిస్తుంది. మొండిది మిగులుతుంది మరి. రెంటినీ కలిపి ఒకే గీత వేసినవాడు ఎప్పుడూ అతి ఆశావాదిగానే తేలతాడు.

ఇదేమీ కొత్త పాఠం కాదు. 1953లో దేశవ్యాప్త కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాక 1965 నాటికి దేశంలో కేసులు లక్షకు దిగాయి. ఆ ఏడు గీత గీసినవాడు కూడా నాలాగే చప్పట్లు కొట్టించుకుని ఉంటాడు. 1976లో 64 లక్షల పైచిలుకు కేసులు.

రెండో గీత

ఇదంతా పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానం. అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది.

2021లో వానలు తగ్గాక, మోటు రోడ్డు వదిలి లోపలికి వెళ్తే ఉండే ఒక ఊరికి పోయాను. మా షీటులో ఆ ఊరు ముందేడాది అక్టోబరు నుంచి నవంబరు దాకా వరసగా సున్నాలు. చిన్నవాగుల ఒడ్డు గడ్డిలో పెరిగే ఫ్లువియాటిలిస్ దోమకు అదే సీజను. ఆ రోజుల్లో ఆ ఊరికి సున్నా రావడం నాకు నమ్మబుద్ధి కాలేదు గానీ, మనసులో ఒక మూల సంతోషంగానూ ఉంది. మోడల్ చెప్పినట్టే నడుస్తోంది కదా.

ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశ దీదీ ఇంటి పంచలో కూర్చున్నాం. కోయామె, తెలుగు భద్రాచలం వైపు యాసలో మాట్లాడుతుంది. మలేరియా రక్తపరీక్ష కిట్ల పెట్టె ఎలకలకు అందకుండా వాసానికి వేలాడదీసింది. రిజిస్టరు ఎరువు బస్తా లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టి, దానికి రబ్బరు బ్యాండు. విప్పి చూపించింది. వారం వారానికీ ఒక వరస. పరీక్షలెన్ని, పాజిటివ్‌లెన్ని. నేను సున్నాలనుకున్న ఐదు వారాల దగ్గర సున్నాలు లేవు. ప్రతి గడిలో నీలి పెన్నుతో అడ్డంగా చిన్న గీత.

"ఈ గీతలేంటి అక్కా?"

"కిట్టు లేని వారం గీత కొడతా సారూ. సున్నా కాదది. సున్నా అంటే చూసిన, ఎవరికీ తేలలే. గీతంటే అసలు చూడనే లేదు."

"ఆఫీసులో సున్నా అని ఎక్కింది కదా."

"నేనైతే గీతే పెట్టిన." రిజిస్టరు నా వైపు తిప్పింది, అనుమానముంటే చూసుకో అన్నట్టు. "మీకు అందులో కనబడలేదా?"

కనబడలేదు. కంప్యూటరులో ఆ గడి అంకె తప్ప ఇంకేదీ తీసుకోదు. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఎంట్రీ చేసే కుర్రాడికి గీత దగ్గర సున్నా కొట్టడం తప్ప దారి లేదు. అతన్ని తప్పుపట్టను. తప్పు ఎవరిదంటే, ఆ అంకె మీద కూర్చుని లాగ్ తీసిన నాది. పరీక్షల కాలమ్ పక్కనే ఉంది. అందులోనూ సున్నా ఉంది. పరీక్షలే సున్నా అయితే పాజిటివ్ సున్నా అన్న మాటకు అర్థం లేదని ఒక్కసారి తలెత్తి చూసినా తెలిసేది.

ఆ ఐదు వారాల్లో జ్వరం వచ్చినవాళ్లు ఏం చేశారని అడిగితే, "కొందరు కోంటా పోయిన్రు, కొందరు చింతూరు పోయిన్రు, కొందరు ఊరుకున్నరు" అంది. మొదటి రెండు రకాలు పక్క రాష్ట్రాల లెక్కలో పడ్డాయి. మూడో రకం ఎవరి లెక్కలోనూ పడలేదు.

తిరిగొచ్చి మా షీటులో పరీక్షలు సున్నా ఉన్న ప్రతి వారాన్నీ ఖాళీ చేశాను. చేశాక చూస్తే 2020లో మా దగ్గర వచ్చిన 'తగ్గుదల'లో ఒక భాగం తగ్గుదలే కాదని తేలింది. లాక్‌డౌన్ నెలల్లో ఇంటింటి తనిఖీ సన్నబడింది, కిట్ల రవాణా ఆగింది, జనం ఆసుపత్రికి రావడానికి భయపడ్డారు. మూడూ కలిసి పటం మీద పచ్చరంగు పూశాయి. ఏపీఐ అని మేం చెప్పుకునేది వెయ్యిమందికి ఏటా ఎన్ని కేసులన్న లెక్క. దాని పక్కనే ఏబీఈఆర్ అని ఇంకో అంకె ఉంటుంది, వందమందిలో ఏటా ఎన్ని రక్తపరీక్షలు చేశామన్నది. సమీక్షల్లో మొదటిదాన్ని పెద్దక్షరాల్లో చూపిస్తారు, రెండోదాన్ని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది, అదీ చెప్పాలి. క్యాంపు పెట్టిన నెల కేసులు ఒక్కసారిగా లేస్తాయి. జ్వరం లేకుండా పురుగును మోస్తున్నవాళ్లు అప్పుడే బయటపడతారు కాబట్టి. పైగా మా కిట్టు పసిగట్టే ఫాల్సిపారమ్ ప్రోటీన్ రోగం నయమయ్యాక కూడా వారాల తరబడి రక్తంలో ఉంటుంది. మొన్న మందు మింగినవాడు ఇవాళ క్యాంపులో మళ్లీ పాజిటివ్‌గా తేలి రెండో కేసవుతాడు. ఇంకో సంగతి. బలిమెల జలాశయం వెనక దశాబ్దాలుగా తెగిపోయి ఉన్న ఊళ్లకు 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచారు. వంతెన దాటి కిట్టు వెళ్లిన చోట కేసు కనబడుతుంది. అంతకుముందు రోగం లేక కాదు, చూసేవాడు లేక. 2023, 2024లో రాష్ట్రం అంకెలు పెరగడంలో కూడా ఎక్కువగా వెతకడం కొంత పాత్ర పోషించింది. అంతా అదేననుకుంటే మాత్రం మళ్లీ మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

మళ్లీ కట్టిన మోడల్

కొత్తగా కట్టినదాంట్లో గొప్ప గణితమేమీ లేదు. సున్నా అయ్యే సంవత్సరం చెప్పడం మానేశాను. అంచనా పన్నెండు వారాలకే. ఎందుకు పన్నెండంటే, కిట్లు, మందులు ఇండెంటు పెట్టి తెప్పించుకోవడానికి మాకు కావలసిన వ్యవధి ఇంచుమించు అంత. అంతకు మించి తెలిసినా చేయగలిగేది తక్కువ. కేసుల సంఖ్య బదులు, పరీక్షించినవాళ్లలో పాజిటివ్ పాలు తీసుకున్నాం. క్యాంపు నెలలను విడిగా పెట్టి, క్యాంపును క్యాంపుతోనే పోలుస్తున్నాం. ప్రతి ఊరికీ తెర వయసు నెలల్లో ఒక కాలమ్. ఆ ఒక్క కాలమ్ సంపాదించడానికే ఒక వేసవి అంతా పట్టింది. ఏ ఊరికి ఎప్పుడు పంచారన్న కాగితాలు మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నాయి. చివరికి గ్రామసభల్లో అడిగి, "పండక్కి ముందా, తర్వాతా?" అని తేల్చుకున్నాం.

అంచనా వేసిన రోజునే తేదీ వేసి, కాగితం మీద అచ్చేసి, గోడకు అంటిస్తాం. హద్దులతో సహా. పన్నెండు వారాలయ్యాక పక్కన అసలు అంకె ఎర్రపెన్నుతో రాస్తాం. వానాకాలంలో లెక్క రానివాడు ఇప్పటికీ అప్పుడప్పుడు మమ్మల్ని ఓడిస్తున్నాడు. చలికాలంలో తెర వయసు తెలిసిన మోడలే గెలుస్తోంది.

ఊళ్ల మధ్య తేడాల దగ్గర నాకు బాగా పనికొచ్చిన ఆలోచన మలేరియాది కాదు, ట్రకోమాది. ఆ కంటి జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన దేశాల్లో భారత్‌ను 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేర్చింది. ఇథియోపియా లాంటి చోట్ల ట్రకోమా తగ్గుతున్నప్పుడు పరిశోధకులు గమనించినదేమంటే, వ్యాధి కనుమరుగయ్యే దారిలో ఉన్నప్పుడు ఊళ్లలో దాని పాళ్లు ఎక్స్‌పొనెన్షియల్ పంపిణీలా పడతాయి. ఎక్కువ ఊళ్లలో దాదాపు ఏమీ ఉండదు. కొన్నిట్లో కాస్త. ఒకటి రెండింట్లో చాలా. అందుకు ఆ ఊళ్లలో ప్రత్యేకమైన కారణం ఉండనక్కర్లేదు, ఆరిపోతున్న మంటలో అక్కడక్కడా నిప్పు మిగిలినట్టు.

లెక్క తేలిక. ఈ పంపిణీలో సగటుకు మూడు రెట్ల పైన ఉండే ఊళ్లు నూటికి అయిదు. అరవై ఊళ్లుంటే మూడు. సగటు నూటికి 4 అనుకుంటే, ఏ కారణమూ లేకుండానే మూడు ఊళ్లలో 12 దాటుతుందన్నమాట. ఇది తెలియక మేం ఏటా పై మూడు ఊళ్లను 'హాట్‌స్పాట్' అని పిలిచి, అక్కడి ఆశ దీదీలను నిలబెట్టి ప్రశ్నలేశాం. మరుసటేడు అవి దిగేవి. మా మందలింపు పనిచేసిందనుకునేవాళ్లం. దిగడం వాటి సహజం, ఇంకో మూడు లేస్తాయి.

కానీ మలేరియాకు ఈ సూత్రం సగమే వర్తిస్తుంది. వాగు ఊరి పక్కన ఉంటే ఏటా ఉంటుంది. ఒక ఊరు కేవలం అదృష్టం కొద్దీ వరసగా రెండేళ్లు పైన ఉండటానికి అవకాశం నూటికి అయిదులో నూటికి అయిదు, అంటే నాలుగు వందల్లో ఒకటి. ముందేడు మిగిలిన రోగం ఈ ఏటికి పాకుతుంది కాబట్టి లెక్క అంత శుభ్రంగా రాదు గానీ, దారి చూపడానికి చాలు. ఇప్పుడు మా నియమం: ఒక ఏడు పైకొస్తే మామూలు చికిత్స, ప్రశ్నలుండవు. రెండో ఏడు కూడా పైనే ఉంటే కీటకాల సిబ్బందితో వెళ్లి వాగు వెంట నడుస్తాం. అలా నడిచిన ఒకచోట ఊరివాళ్లు పోడు చేలలో గుడిసెలు వేసుకుని పంట కాపలాకు నెలల తరబడి అక్కడే పడుకుంటున్నారని తెలిసింది. తెరలన్నీ ఇంట్లో భద్రంగా ఉన్నాయి. మా రికార్డులో ఆ ఊరు 'తెరలు నూరు శాతం'. పడుకునే మనుషులకు మాత్రం సున్నా.

వలసల మాట చెప్తానన్నాను. మిరపకాయ కోతలకు మా వాళ్లు ఖమ్మం, భద్రాచలం వైపు పోతారు. జనవరిలో వెళ్లి ఎండలు ముదిరాక వస్తారు. మేం జనాభా అని భాగించే అంకెలో వాళ్లున్నారు, ఊళ్లో లేరు. తిరిగొచ్చిన వారంలో జ్వరాలు లేస్తే అది ఇక్కడిదా, అక్కడిదా? ఈ ప్రశ్న ఊరికే కాదు. 2027 కల్లా దేశంలో స్థానికంగా పుట్టే మలేరియా కేసు ఉండకూడదని, 2030కి నిర్మూలన అని జాతీయ లక్ష్యం. స్థానికమా, బయటిదా అన్న ఒక్క టిక్కు మీద ఊరి భవిష్యత్తు ఆధారపడే రోజులు వస్తున్నాయి. కాబట్టి ఆ టిక్కు మీద ఒత్తిడి కూడా వస్తుంది. మా మోడల్‌లో 'వలస నుంచి తిరిగొచ్చి ఎన్ని వారాలు' అని గడి పెట్టాను. శబరికి అవతల కోంటాలో, దిగువన చింతూరులో పరీక్షించుకున్న మావాళ్ల లెక్క మాత్రం నా చేతికి రాదు. మూడు రాష్ట్రాల షీట్లు మూడు. దోమ ఒక్కటే.

కంప్యూటరు ఫారం మార్చమని పైకి రాశాం, ఇంకా మారలేదు. ఈలోగా మా బ్లాకులో సొంతంగా ఒక పక్కషీటు నడుపుతున్నాం. అందులో గీత పెట్టొచ్చు. మొన్న ఎంట్రీ కుర్రాడు ఫోను చేశాడు.

"సార్, ఈ గీతలు కొడితే మొత్తం దగ్గర ఎర్రర్ వస్తోంది. కూడిక తెగట్లేదు. సున్నా పెట్టేయమంటారా?"

"ఎన్ని ఊళ్లకొచ్చాయి గీతలు?"

"నాలుగిటికి సార్, ఈ వారం."

"పెట్టకు. ముందు ఆ నాలుగు ఊళ్ల పేర్లు చెప్పు, కిట్లు పంపిస్తాను."